ఉప్పు, మోత, తుపాకి

వేట యనగానే మన మనస్సునకు తోచునది ఒక్క క్షణము: పొద కదలుట, తుపాకి ఎత్తుట, గురి తగులుటయో తప్పుటయో. కథలు చెప్పువారు ఆ క్షణమునే చెప్పుదురు. చిత్రములు తీయువారు ఆ క్షణము ముగిసిన పిమ్మట మృగము ప్రక్కన నిలిచిన వీరునినే తీయుదురు. కాని మూడుముళ్లు వేయుటకు ఎంతసేపు పట్టును? దానికి ముందు పెండ్లివారింట ఎన్ని నెలల పని జరుగును? పెద్దవేటయు అట్టిదే. తుపాకి మ్రోగుటకు ఏడాది ముందునుండి ఉత్తరములు నడచును, లెక్కలు వేయబడును, మూటలు కట్టబడును. ఆ సన్నాహమును చూచినవారికే ఆ వేట ఎవరి బలముతో జరిగినదో తెలియును.

మన దేశమునకు ఇట్టి వేటలు క్రొత్తవి కావు. 1902లో వైస్రాయి కర్జను ప్రభువు హైదరాబాదు సంస్థానమున పులివేట సాగించినప్పుడు లాలా దీనదయాళు తీసిన చిత్రము నేటికిని నిలిచియున్నది. ప్రభువు పేరు, దొరసాని పేరు, చిత్రకారుని పేరు అందరికిని తెలియును. పులిని పొదలనుండి వెడలగొట్టుటకు డప్పులు కొట్టుచు అడవిలో నడచువారి పేర్లు మాత్రము ఇట్టి చిత్రముల క్రింద వ్రాయబడవు. ఒక మహావేటకు జరిగిన సన్నాహమంతయు, సూది మొదలు గుడారము వరకు, వ్రాతలో నిలిచిన ఉదాహరణము కావలెనన్న మనము ఆఫ్రికా ఖండమువైపు చూడవలెను. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోరు రూజువెల్టు తూర్పు ఆఫ్రికాలో సాగించిన వేటయే అది.

రూజువెల్టు పదవీకాలము 1909 మార్చి 4వ తేదీన ముగిసెను. కాని వేట సన్నాహము 1908లోనే, ఆయన ఇంకను అధ్యక్ష భవనమున నుండగానే, మొదలయ్యెను. స్వదేశపు పడమటి మైదానములలో ఎలుగులను, అడవిదున్నలను వేటాడిన అనుభవము ఆయనకు కలదు. సింహము, ఏనుగు, ఖడ్గమృగము మాత్రము ఆయనకు తెలియనివి. తెలియని అడవికి పోవువాడు తెలిసినవానిని అడుగవలెను గదా! ఆయన ముగ్గురిని అడిగెను. ఒకరు, ఆఫ్రికా వేటలో ఆ కాలమున సాటిలేనివాడని పేరొందిన ఫ్రెడరికు సెలూసు. రెండవవారు, వన్యమృగములను కాపాడవలెనని ఇంగ్లండులో ఉద్యమము నడిపిన ఎడ్వర్డు నార్తు బక్స్టను. మూడవవారు, 1898లో త్సావో వంతెన పనివారిని పొట్టన పెట్టుకొన్న రెండు సింహములను చంపి, ఆ కథను 1907లో గ్రంథముగా ప్రకటించిన కర్నలు పాటర్సను. ఏ నెలలో రావలెను, ఏ తుపాకి తేవలెను, ఎవరిని వెంట ఉంచుకొనవలెను అను ప్రశ్నలతో అట్లాంటికు సముద్రమునకు ఇరువైపుల ఉత్తరములు నడచెను.

వెంట ఉంచుకొనవలసినవాని విషయమే అన్నింటికంటె ముఖ్యమైనది. అడవి తెలిసి, భాష తెలిసి, కూలీలను నడుపగలిగి, ఏనుగు మీదికి వచ్చినప్పుడు ప్రక్కన నిలువగల వాడు కావలెను. ఆ పనికి ఆర్. జె. కనింగుహాము అను స్కాట్లండు దేశీయుడు కుదిరెను. ఆయనకు తోడుగా నైరోబీలోని న్యూలాండు అండ్ టార్ల్టను కంపెనీ భాగస్వామియైన లెస్లీ టార్ల్టను వచ్చెను. వేటకు వచ్చు దొరలకు గుడారములు, కూలీలు, ఆహారము, మార్గదర్శులు సమస్తమును సమకూర్చుటయే ఆ కంపెనీ వ్యాపారము. అనగా అప్పటికే అక్కడ వేట ఒక వర్తకమైయుండెను. ధనము గలవాడు లండనునుండి ఉత్తరము వ్రాసినచో, అతడు రైలు దిగునప్పటికి అతని గుడారము నిలిచియుండును.

ఇక అనుమతి సంగతి. బ్రిటిషు తూర్పు ఆఫ్రికాలో వేటాడవలెనన్న ప్రభుత్వ లైసెన్సు వలయును. బయటనుండి వచ్చిన వేటగానికి దాని రుసుము 50 ఇంగ్లీషు పౌనులు, అనగా 750 రూపాయలు. రూపాయలని చెప్పుటలో పొరపాటు లేదు. ఆ నాడు అక్కడ చెల్లునది మన రూపాయియే. ఏ జంతువును ఎన్ని చంపవచ్చునో లైసెన్సులో లెక్క కలదు. ఏనుగు, ఖడ్గమృగము వంటివానికి గట్టి పరిమితి కలదు. సింహమునకు మాత్రము లెక్క లేదు. మందలను పాడుచేయు దుష్టజంతువులలో దానిని చేర్చిరి. మృగరాజని మనము కీర్తించు జంతువు ఆ చట్టము దృష్టిలో పంది కొక్కుతో సమానమయ్యెను.

పరిమితికి మించి సేకరించుటకు ఒక ప్రయోజనము చూపవలెను. రూజువెల్టునకు ఆ ప్రయోజనము శాస్త్రము. 1908 జూనులో ఆయన వాషింగ్టనులోని స్మిత్సోనియను సంస్థ కార్యదర్శికి లేఖ వ్రాసి, తాను చంపు మృగములను జాతీయ మ్యూజియమునకు ఇచ్చెదననియు, తోళ్లను తీసి భద్రపరచుటకు నిపుణులను పంపవలెననియు కోరెను. సంస్థ ముగ్గురిని ఏర్పరచెను: సైనిక వైద్యుడుగా పనిచేసిన ఎడ్గారు మెర్న్సు, ఎడ్మండు హెల్లరు, ఆల్డెను లోరింగు. వారి ఖర్చునకు ఆండ్రూ కార్నెగీ మొదలగు ధనికులు విరాళము లిచ్చిరి. తనకును, కుమారుడు కెర్మిటునకును అగు ఖర్చు రూజువెల్టు తానే పెట్టుకొనెను. దానికి ఆధారముగా స్క్రిబ్నర్సు పత్రిక ఆయన వ్రాయబోవు వ్యాసములకు 50,000 డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఇట్లు ఒక్క గుండైనను ప్రేలకముందే ఆ వేట మ్యూజియమునకు, పత్రికకు, దాతలకు కొంత కొంత చెందియుండెను.

తుపాకులు మూడు విధములు. అమెరికా సైన్యమువారి స్ప్రింగుఫీల్డు రైఫిలు ఒకటి. దాని కట్టెను తన భుజమునకు సరిపడునట్లు ఆయన మార్పించుకొనెను. రెండవది .405 విన్చెస్టరు. మూడవది ఏనుగు వంటి మహామృగములకై హాలండు అండ్ హాలండు కంపెనీ చేసిన రెండు గొట్టముల రైఫిలు. ఇంగ్లండులోని అభిమానులు కూడి బహూకరించినది. ఇవికాక పక్షులకై ఒక ఫాక్సు తుపాకి. అయితే ఆయుధములకంటె ముఖ్యమైన వస్తువు వేరొకటి కలదు: కండ్లజోళ్లు. రూజువెల్టునకు చూపు మందము. పైగా అధ్యక్షుడుగా నున్న కాలమున ముష్టియుద్ధపు సాధనలో తగిలిన దెబ్బ వలన ఎడమకన్ను దాదాపు పనికిరాకపోయెను. అందుచేత ఒకటి పగిలిన ఒకటి ఉండునట్లు అనేక జతల కండ్లజోళ్లు సామానులలో వేర్వేరు చోట్ల ఉంచిరి.

దుస్తులలోను ఆలోచన కనబడుచున్నది. ముండ్లకు చినుగకుండునట్లు మోకాళ్లవద్ద తోలు కుట్టిన ఖాకీ లాగులు. మోకాలినుండి చీలమండ క్రిందివరకు బిగియుటకు బొత్తాములు. మేకులు కొట్టిన బూట్లు కొన్ని, చప్పుడు కాకుండుటకు రబ్బరు అడుగు గలవి కొన్ని. తల కలవాటైన మెత్తని టోపీని మాని, ఆ దేశపు అనుభవజ్ఞుల మాటపై ఎండటోపీ పెట్టుకొనెను. ఆహారపు పెట్టెలలో తన పాత పశువులశాల దినములను జ్ఞప్తికి తెచ్చు చిక్కుడుగింజలు, టమాటాలు, కాలిఫోర్నియా పీచిపండ్లు డబ్బాలలో చేరెను.

వీనిలో ఎల్ల విచిత్రమైనది పుస్తకముల పెట్టె. సుమారు అరువది సంపుటముల గ్రంథాలయము ఆయన వెంట నడచెను. బైబిలు, హోమరు, షేక్స్పియరు, డాంటీ, మెకాలే, మార్కు ట్వైను మొదలగువారి రచనలు అందులో నుండెను. నెత్తురు, చెమట, తుపాకి నూనె, దుమ్ము తగిలినను చెడకుండుటకు అన్నిటికిని పంది తోలుతో అట్టలు కట్టించిరి. పెట్టె తేలికగా నుండుటకు అల్యూమినియముతో చేయించిరి. ఇంత శ్రద్ధ యెందుకు? ఆ పెట్టె మొత్తము బరువు 60 పౌనులు మించకూడదు. ఏలయన ఒక కూలి నెత్తిమీది మోత 60 పౌనులు.

ఈ 60 పౌనులే ఆ వేటకంతకును మూలసూత్రము. అది 27 కిలోలు. మన పాత తూకములో రెండు మణుగులకు పైచిలుకు. గుడారమైనను, బియ్యమైనను, తూటాల పెట్టె యైనను, షేక్స్పియరైనను ఆ కొలతలో ఇమిడినగాని కదలదు. మన దేశపు షికారులలో ఏనుగులు, ఒంటెలు, బండ్లు సామాను మోసెడివి. ఆఫ్రికాలో అనేక ప్రాంతములలో ట్సెట్సీ అను ఈగ కాటువలన గుఱ్ఱములకును ఎద్దులకును ప్రాణాంతకమైన జబ్బు వచ్చును. ఆ ఈగ లేని ఎత్తైన మైదానములలో రూజువెల్టు గుఱ్ఱమెక్కి వేటాడెను. నీరులేని సోటికు దారిలో ఎద్దుబండ్లపై నీరు మోయించెను. మిగిలినచోట్ల బండి లేదు, గాడిద లేదు. ఉన్నది మనిషి తల ఒక్కటే.

ఇప్పుడు ఉప్పు సంగతికి వత్తము. ప్రయాణపు సామానులలో మెత్తని ఉప్పు నాలుగు టన్నులు ఉండెను. అది వంటకు కాదు, తోళ్లకు. ఉష్ణదేశములో చచ్చిన మృగపు తోలు కొద్ది గంటలలోనే చెడ నారంభించును, వెండ్రుకలు ఊడిపోవును. కావున వెంటనే ఒలిచి, లోపలి కొవ్వును మాంసమును గీకి, మందమైన చోట్ల కత్తితో పలుచన చేసి, అంతటను ఉప్పు రుద్ది, నీరు కారనిచ్చి ఆరబెట్టవలెను. ఏనుగు తోలునకు ఈ పని చేయుట పదిమంది చేతులు కూడిననే సాధ్యము. ఉప్పు లేనిదే మ్యూజియము లేదు. నాలుగు టన్నులను 60 పౌనుల మూటలుగా కట్టినచో నూటముప్పదికి పైగా మోతలగును. అంత ఉప్పును ఒక్కసారి ఎత్తింప సాధ్యము కాదు గనుక రైలుస్టేషనులలోను మజిలీలలోను నిలువచేసి, కావలసినప్పుడెల్ల తెప్పించుకొనుచు వచ్చిరి. సింహము నెదుర్కొనుటకు ధైర్యము చాలును. తోలును వాషింగ్టను చేర్చుటకు ఉప్పు లెక్క వలయును.

ఈ మోతలు మోసినవారు ఎవరు? సుమారు 200 మంది కూలీలు. వారు స్వాహిలీ, కికూయు, న్యాంవేజీ మొదలగు పలు జాతులవారు. వారిపై మేస్త్రీలు, కాపలాకు అస్కారీలను సాయుధ భటులు, దొరల తుపాకులు మోయువారు, గుడారపు నౌకర్లు, వంటవారు, గుఱ్ఱములను చూచువారు. గుఱ్ఱపువారిని అక్కడను సయిసులనియే పిలిచిరి. మన వీధులలో వినబడిన మాట సముద్రము దాటి ఆ గడ్డిమైదానములలో వినబడెను. సఫారి యను మాటయు మనకు పరాయిది కాదు. ప్రయాణమను అర్థము గల అరబ్బీ సఫరు శబ్దమే హైదరాబాదులో సఫరు, స్వాహిలీలో సఫారి. ఆ మాటకు వేట యను అర్థము తరువాత దొరల నోట వచ్చి చేరినది.

కూలికి ఒక కంబళి, ఒక ఉన్ని బనీను, కొందరికి కలిపి ఒక చిన్న గుడారము, ఒక వంటకుండ. దినబత్తెము పోషో యను పిండి. ఈ పిండియే నడిపించువానికి నిద్ర లేకుండ చేయును. మనిషికి దినమునకు ఒకటిన్నర పౌను చొప్పున లెక్కవేసినను 200 మందికి 300 పౌనులు, అనగా ఐదు మోతలు కావలెను. పది దినములకు ఏబది మంది కేవలము తిండినే మోయవలెను. ఆ మోయువారును తినవలెను. అందుచేతనే మాంసమునకై కొట్టు జంతువులు వేటలో ఒక భాగమయ్యెను. శాస్త్రమునకని చంపిన మృగము తోలు మ్యూజియమునకు, మాంసము కూలీల కుండలోనికి పోయెను.

రూజువెల్టు గుణము నొకదానిని ఇచట చెప్పుట న్యాయము. తన తుపాకులు మోసిన మహమ్మదు, బకారి, గుడారపు నౌకరు అలీ, సయిసులు సింబా, హమిసి మున్నగువారి పేర్లను ఆయన తన గ్రంథములో వ్రాసెను. ఆ కాలపు దొరలలో అది అందరును చేసిన పని కాదు. అయినను ఆ పేర్లు కొన్నియే. తక్కిన వందలమంది ఆయన పుటలలో ఒక వరుసగా, ఒక పాటగా, ఒక కోలాహలముగా నడచిపోవుదురు.

ఈ ఏర్పాట్లన్నియు ముగిసి, 1909 మార్చి 23న ఆయన న్యూయార్కు రేవునుండి హాంబర్గు అను ఓడ ఎక్కి, నేపుల్సులో ఓడ మారి, ఏప్రిలు 21న మొంబాసాలో దిగెను. అచటినుండి రైలు. దారి పొడుగున మృగములను చూచుటకు ఇంజను ముందు బల్ల అమర్చగా రూజువెల్టు, సెలూసు, గవర్నరు స్థానమున నున్న జాక్సను దానిపై కూర్చుండి ప్రయాణించిరి. ఆ రైలుదారి యెట్టిదో మనము మరువరాదు. 1896 మొదలు 1901 వరకు దానిని వేయుటకు భారతదేశమునుండి సుమారు 32,000 మంది కూలీలను ఒప్పందముపై తీసికొనిపోయిరి. వారిలో 2,498 మంది మరణించిరి. త్సావో సింహముల పాలైనవారు కొందరే. జ్వరములు, ప్రమాదములు తీసికొనినవారు అనేకులు. కపిటీ మైదానపు స్టేషనులో రూజువెల్టు దిగునప్పటికి గుడారములు వరుసలు తీరియుండెను. కూలీలు బారులు తీరి స్వాగతమిచ్చిరి. వేట సులభముగా మొదలయ్యెనన్న, ఆ దారి క్రింద మనవారి యెముకలు పరచబడియున్నవి గనుకనే.

పదునొకండు నెలల పయనము 1910 మార్చి 14న ఖార్టూములో ముగిసెను. రూజువెల్టు 296, కెర్మిటు 216, వెరసి 512 జంతువులను కొట్టిరి. వానిలో సింహములు 17, ఏనుగులు 11, ఖడ్గమృగములు 20. శాస్త్రజ్ఞులు చిన్న బోనులతోను వలలతోను పట్టిన ఎలుకలు, పక్షులు, పాములు, చేపలు కలిపి మ్యూజియమునకు చేరిన ప్రాణిసంచయము 11,000 మించినది. తానును కుమారుడును స్వంతమునకు ఉంచుకొన్నవి పండ్రెండింటికి మించవనియు, తక్కినవన్నియు మ్యూజియమునకో మాంసమునకో ఉపయోగపడినవనియు ఆయన సమాధానము చెప్పెను. ఆ సమాధానము అసత్యము కాదు. ఆ తోళ్లను, ఆ కపాలములను నేటికిని శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు.

కాని సన్నాహమును చూచిన మనము ఇంకొక సంగతిని గమనింపవలెను. 1910 ఆరంభమున నైలునది ఒడ్డున లాడో ప్రాంతములో వారు తొమ్మిది తెల్ల ఖడ్గమృగములను చంపిరి. అది ఉత్తర తెగకు చెందినది. అప్పటికే అరుదని వారికి తెలియును. అరుదైనది గనుకనే అది మ్యూజియములో ఉండవలెనని తలచిరి. ఆ తెగలో చివరి మగది, సూడాను అను పేరు గలది, 2018 మార్చిలో కెన్యాలో మరణించెను. మిగిలినవి రెండు ఆడవి, తల్లియు కూతురును. ఆ తొమ్మిది చావులవలననే ఆ తెగ నశించెనని చెప్పుట అన్యాయము. తరువాతి కాలపు యుద్ధములును, కొమ్ముకై జరిగిన దొంగవేటలును దానిని నాశనము చేసెను. అయినను, ఒక ప్రాణి అంతరించునేమో యను భయమునకు జీవమును కాపాడుట మందనక తోలును కాపాడుటయే మందని తలచిన కాలమది. ఆ తలపు మూటలలో నాలుగు టన్నుల ఉప్పుగా ప్రయాణము చేసెను.

మోతల కథయు అంతటితో ముగియలేదు. 1914లో యుద్ధము రాగా వేటకు మూటలు మోసిన పద్ధతియే సైన్యమునకు తూటాలు మోయుటకు పనికివచ్చెను. లక్షలకొలది ఆఫ్రికావాసులను కారియరు కోరు అను దళమున చేర్చిరి. శత్రువు గుండ్లకంటె రోగమును ఆకలియు వారిని వేలకు వేలుగా చంపెను. నైరోబీలోని కరియాకోరు పేట పేరు ఆ దళపు పేరే. రూజువెల్టునకు సలహా చెప్పిన సెలూసు సైతము 1917 జనవరి 4న ఆ యుద్ధములోనే తుపాకి గుండు తగిలి మరణించెను. ఆయన సమాధి ఎక్కడ నున్నదో గ్రంథములు చెప్పును. మోతగాండ్రకు మిగిలినది ఒక పేట పేరు.

మన దేశము 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము చేసెను. కెన్యా 1977లో వేటను నిషేధించెను. ఇప్పుడు అక్కడికి పోవువారు కెమెరాలతో పోవుదురు. అయినను మార్గదర్శి కావలెను, అనుమతి కావలెను, గుడారము వేయువాడు కావలెను. కావున ఎక్కడనైనను ఒక మహావేట చిత్రము మన కంటబడినప్పుడు, తుపాకి పట్టినవాడెవడని చదివి ఊరకుండక, ఈ మూట ఎవరి తలమీద వచ్చినది, ఈ దారి ఎవరు వేసిరి, ఈ మృగము ఇంకను ఎచటనైన తిరుగుచున్నదా యని మూడు ప్రశ్నలు వేసికొందము. ఆ మూటిలో మొదటి రెంటికి సమాధానములు చరిత్ర పుస్తకములలో వెదకవలెను. మూడవదానికి సమాధానము మన కాలము చెప్పవలసియున్నది.